రాతిగద్దె మీద మా మామ

దేశానికి కొత్తగా రాజ్యాంగం రాస్తున్నారని, అధ్యక్షుడు ఎన్నేళ్ళు ఉండాలో కూడా అందులోనే తేలుస్తారని మా ఆయన పేపరు చదివి వినిపించిన రోజుల్లో నాకు ఒళ్ళు మండేది. రాయడానికేం, కాగితమూ సిరా ఉంటే ఎవరైనా రాస్తారు. మా సంఘంలోనూ రాసుకున్నారు. మూడేళ్ళ విడతలు రెండు, అంతకు మించి ఒక్కపూట కూడా కూర్చోకూడదని. గడువు అయిపోయాక కూర్చున్న మనిషి ఎట్లా లేస్తాడన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు. అప్పటికి మా మామ పోయి ఏడాది కూడా కాలేదు. పేపరు మూసి ఆయన ఏదో చర్చ మొదలుపెట్టబోతే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

మా అత్తవారి ఊరు జమ్మలమడుగు దిక్కున, నాపరాళ్ళ గనుల పక్కనుండే చిన్న పల్లె. ఊరికి కొంచెం ఎడంగా మా క్రైస్తవుల ఇళ్ళు. మగవాళ్ళలో సగం మంది గనుల్లో రాయి తీసేవాళ్ళు, మిగిలినవాళ్ళు జొన్నా కొర్రా పండించుకునేవాళ్ళు. చర్చి కూడా ఆ రాళ్ళతోనే కట్టుకున్నారు. గోడలూ నాపరాయే, నేలా నాపరాయే. వేదికకు కుడిపక్క సంఘం ప్రెసిడెంటు కూర్చునే ఆసనం కూడా అదే రాయి. రెండు బండలు నిలువుగా నాటి, వాటి మీద ఒకటి అడ్డంగా పరిచి, వీపుకు ఇంకొకటి నిలబెట్టారు. దాన్ని అందరూ గద్దె అనేవాళ్ళు. నేను నంద్యాలలో బెంచీలున్న చర్చిలో పెరిగినదాన్ని. మొదటిసారి ఆ గద్దెను చూసినప్పుడు సమాధి బండలు పీకి తెచ్చారేమో అనిపించింది, ఆ మాట పైకి అనేశాను కూడా. కొత్త కోడలికి నోరెక్కువని సాయంత్రానికల్లా పల్లె అంతా పాకింది.

ఆ గద్దెను చెక్కినాయనే మా సంఘానికి మొదటి ప్రెసిడెంటు. నేను కాపురానికి వచ్చేసరికి ఆయన లేడు. రెండు విడతలు అయ్యాక తనంతట తానే లేచి, కింద బండల మీద అందరితోపాటు కూర్చుని, ఇకమీదట ఎవరినీ అంతకన్నా ఎక్కువ కాలం ఉండనివ్వద్దని పెద్దల చేత నిబంధన రాయించాడట. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన మాట మా అత్తకు కంఠతా వచ్చు. ఒకరోజు సంగటి కెలుకుతూ నాకు చెప్పింది.

"నేను ఇంటికి పోయినా నాలో రవంత ఈడనే ఉండిపోతాండాదప్పా, ఇంగో ఏడు కూర్చుంటే మొత్తం ఉండిపోతా అన్యాడంట."

పెద్దలు నవ్వారట. నవ్వినా ఆయన మీది గౌరవంతో రాశారు.

ఎన్నిక పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. కోతపండుగ నాడు ఆరాధన అయ్యాక అందరం కళ్ళు మూసుకుంటాం. పాస్టరు అయ్యగారు ఒక పేరు చెబుతారు. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తాలి. ఎవరు ఎత్తారో ఎవరు ఎత్తలేదో అయ్యగారికి తప్ప ఇంకొకరికి తెలియకూడదు, తెలిస్తే పగలు పుడతాయని. ఎవరి పేరు చెబితే ఆ మనిషి గద్దె మీద తల వంచుకుని కూర్చోవాలి. నాకు కావాలని అనడం సిగ్గుమాలిన పని, నాకు వద్దనడం పొగరు. అందుకని నోరు విప్పేదే లేదు. ఇష్టం లేకపోతే లేచి నిలబడాలి, అంతే. లేవకపోతే ఒప్పుకున్నట్టు. అసలు ఆ రోజు రాకపోతే పాతాయనే కొనసాగుతాడు. ఇంకొక మాట, గద్దె మీదున్న మనిషిని లెమ్మని ఎవరూ అనరు, చెయ్యి పట్టి లేపరు. ఆ మర్యాద ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు గానీ, గీత దాటినవాళ్ళు మాత్రం లేరు.

నేను వచ్చినప్పుడు మా మామ మొదటి విడతలో ఉన్నాడు. అట్లాంటి సరదా మనిషిని నేను మా పుట్టింటి వైపు కూడా చూడలేదు. పొలం నుంచి వస్తూ ఎద్దులతో మాట్లాడేవాడు, వాటి తరఫున జవాబు కూడా తనే చెప్పేవాడు. నాకు కాఫీ అలవాటని తెలిసి "నంద్యాల దొరసాని" అని పేరు పెట్టాడు. శెనక్కాయలు వేయించితే సగం పొయ్యి దగ్గరే తినేసి, ఎలుకలు తిన్నాయని అమాయకంగా చెప్పేవాడు. అత్త కేకలేస్తే ఇంకా నవ్వేవాడు. ఆదివారం గద్దె ఎక్కేవాడు, దిగేవాడు. ఇంటికొస్తే మళ్ళీ మా మామే.

రెండో విడత అయిపోయే ఏడాది వానలు పడలేదు. బావులు ఎండాయి, పశువులను కబేళాకు తోలారు. మిషను దొర పంపే జొన్నలు ఇంటింటికీ పంచాల్సి వచ్చింది. మా మామ పంచాడు, నిజం చెప్పాలి, చేరెడు గింజలు కూడా మా ఇంటికి ఎక్కువ తేలేదు. అట్లాంటి మనిషిని కరువు మధ్యలో ఎట్లా మారుస్తామన్నారు పెద్దలు. కరువు తీరేదాకా ఉండనిద్దాం అని అందరం చేతులెత్తాం, నేను కూడా ఎత్తాను. తర్వాత వాన పడింది. అప్పటికి యుద్ధం వచ్చింది, కిరసనాయిలు లేదు, గుడ్డ లేదు, యుద్ధం అయ్యేదాకా ఉండనిద్దాం అన్నారు. యుద్ధమూ అయిపోయింది. ఇక సాకు దొరకలేదు కాబట్టి, ఆ కోతపండుగకు నిబంధననే కొట్టేశారు. అది కొట్టేసినప్పుడు కూడా మేమంతా కళ్ళు మూసుకునే ఉన్నాం.

మార్పు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. ఎద్దులతో మాటలు ఆగిపోవడం మొదట గమనించింది మా అత్త. ఇంట్లో కూడా వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ పక్కన ఆనించి కూర్చునేవాడు. "మామా" అంటే పలకడు. "నాయనా" అని మా ఆయన పిలిచినా పలకడు. వాకిట్లో ఎవరైనా "ప్రెసిడెంటు గారూ" అంటే చాలు, వెంటనే తల తిప్పేవాడు. సంగటి ముద్ద ముందు పెడితే ఎవరో అనుమతి ఇవ్వాలన్నట్టు కాచుకుని ఉండేవాడు, తినమని ఒకరు చెప్పి, అవునని ఇంకొకరు అన్నాకే చెయ్యి కలిపేవాడు. మొదట్లో మేం నవ్వుకున్నాం. తర్వాత అలవాటుగా నేనొకసారీ అత్త ఒకసారీ చెప్పడం మొదలుపెట్టాం. ఒక రోజు ఇద్దరం ఆ పని చేస్తూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నవ్వు రాలేదు.

చర్చి ఊడ్చే పని మా ఇంటి ఆడవాళ్ళదే. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మా వైపు ఆ వేళకు కుక్క కూడా కదలదు, తెల్లటి ఎండలో గనుల మీద గాలి వణుకుతూ ఉంటుంది, చప్పుడన్నది ఉండదు. చీపురు పట్టుకుని లోపలికి పోయేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. కొంచెం తేరుకుని చూస్తే గద్దె మీద మా మామ కూర్చుని ఉన్నాడు. తల వంచుకుని, చేతులు ఆనించి. భుజం మీద ఎర్ర గళ్ళ తువ్వాలు. ఎండలో పొలం నుంచి వచ్చి చల్లదనానికి కూర్చున్నాడనుకున్నాను. నీళ్ళు తేనా అని అడిగాను. పలకలేదు. పలకకపోవడం మామూలే కాబట్టి ఊడ్చుకుంటూ పోయాను. గద్దె దగ్గరికి వచ్చేసరికి మాత్రం చీపురు సాగలేదు. మనిషి దగ్గర ఉంటే ఊపిరి తెలుస్తుంది, చెమట వాసన తెలుస్తుంది. అక్కడ రాయి వాసన తప్ప ఏమీ లేదు.

చీపురు అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తాను. మా మామ వెనక పందిట్లో కూర్చుని ఉన్నాడు. ముందు సంగటి గిన్నె, భుజం మీద అదే తువ్వాలు. అత్త పక్కనే విసురుతూ ఉంది. ఎంతసేపట్నుంచి ఉన్నాడని అడిగాను. పొద్దున పొలం పోనేలేదని చెప్పింది. నా మొహం చూసి విసనకర్ర ఆపింది. నన్ను వంటింట్లోకి లాక్కుపోయి, గొంతు తగ్గించి అడిగింది.

"నీకూ కనపడినాడా?"

ఆమెకు అంతకుముందే కనపడ్డాడట. చాలాసార్లు. పిచ్చి అంటారని ఎవరికీ చెప్పలేదట. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. భయమేసి ఏడ్చానని ఒప్పుకుంటాను, జాలి తర్వాత వచ్చింది. ఇంటికి వచ్చేది సగం మనిషేనని, ఆ సగం కూడా దినదినానికీ తగ్గిపోతోందని, వచ్చే ఎన్నికలోనైనా లేవకపోతే తన మొగుడు తనకు మిగలడని ఆమె చెప్పింది. ఆమెకు కావలసింది అదొక్కటే. ఆయన అందరి ముందూ లేచి కిందికి రావాలి.

నేను మా ఆయనతో చెప్పాను, పెద్దలతో ఒక మాట అనమని. నాయనకు లేవాలనిపిస్తే లేస్తాడు, కొడుకు పోయి మా నాయనను దించండని అడిగితే ఊరు నవ్వుతుంది అన్నాడు. అంత బతుకూ ఊరు నవ్వుతుందని భయపడే మనుషులు అసలు ఎప్పుడు ఏడుస్తారో నాకు తెలియదు. ఆ మాటే అన్నాను కూడా.

కోతపండుగ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం అత్త సంగటి పెట్టి, తినమని అనలేదు. నేనూ అనలేదు, గోడకు ఇవతల మిరపకాయలు ఎండబోస్తూ ఉన్నాను. ఆయన కాచుకుని కూర్చున్నాడు. ముద్ద చల్లారిపోయింది. అప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని "బావా" అని పిలిచింది. ఆయన ఆమెకు మేనమామ కొడుకు. నేను కాపురానికి వచ్చాక ఆ పిలుపు ఆమె నోట ఎప్పుడూ వినలేదు. తర్వాత నిద్రలో నుంచి లేచినట్టు మా మామ గొంతు వినిపించింది, పాత గొంతు.

"ఏమే, నువ్వా. యాడికి పోయినావు ఇన్ని దినాలూ?"

"నేను యాడికీ పోలే. నువ్వే రాలే. ఈ కోతపండగకు లెయ్యి బావా. నాకింగేం వద్దు."

"లేయాలనే ఉంటాదే నాకు. కూర్చున్నాక కాళ్ళు యాడుండాయో తెలీకుండా పోతాంది." మళ్ళీ తనే అన్నాడు. "లేస్తాలే. ఈ తూరి లేస్తా."

తర్వాత ఎవరూ చెప్పకుండానే సంగటి తిన్నాడు. గిన్నెకు చెయ్యి తగిలిన చప్పుడు విని నా చేతిలోని మిరపకాయలు జారిపోయాయి.

పండుగ నాడు తెల్లవారి ఆయన సంగటిలోకి ఊరిబిండి పచ్చడి అడిగి వేయించుకున్నాడు. నేను కాఫీ తాగుతుంటే చూసి "దొరసానికి ఇంగా తెల్లారలేదా" అన్నాడు. ఎన్నేళ్ళకు విన్నాను ఆ మాట. అత్త మొహం చూడాలి, పెళ్ళికూతురి మొహంలా ఉంది. మగవాళ్ళ వైపు మొదటి వరసలో కొత్త ఈతచాప పరచమని కొడుకును ముందే పంపింది, ఆయన దిగివచ్చి కూర్చోవడానికి. ఎందుకని మా ఆయన అడగలేదు, తనకు తెలుసు. చాప చంకలో పెట్టుకుని తల వంచుకుని పోయాడు.

చర్చి నిండా జనం. గుమ్మడికాయలు, జొన్నకంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు వేదిక ముందు పెట్టి ఉన్నాయి. ఆరాధన అయింది. అయ్యగారు అందరినీ కళ్ళు మూసుకోమన్నారు. ప్రెసిడెంటుగా మా మామ పేరే చెప్పారు. తర్వాత వాడుక ప్రకారం, ఇష్టం లేకపోతే లేవవచ్చని చెప్పి ఆగారు.

నేను కళ్ళు గట్టిగా మూసుకుని చెవులు రిక్కించాను. పక్కన అత్త ఊపిరి బిగబట్టింది. ఎవరో పసిబిడ్డ మూలిగింది. కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. తర్వాత బండ మీద కాలు ఈడ్చిన చప్పుడు వినబడింది. గద్దె దిక్కు నుంచే. అత్త నా చెయ్యి పట్టుకుని నొక్కింది. లేస్తున్నాడు అనుకున్నాను. దేవా, లేపు, లేపు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. గుడ్డ రాసుకున్న చప్పుడు ఒకటి వచ్చింది. ఆ తర్వాత ఏమీ లేదు. చేతులు పైకి లేస్తున్న గాలి మాత్రం తగిలింది చుట్టూ. అయ్యగారు లెక్క చూసుకున్నారు. ఏకగ్రీవంగా ఎన్నుకున్నామని చెప్పి ఆమెన్ అన్నారు.

కళ్ళు తెరిచాం. మా మామ గద్దె మీదే ఉన్నాడు, తల వంచుకుని. అత్త చెయ్యి నా చేతిలో నుంచి జారిపోయింది.

అందరూ పాట అందుకున్నారు. పాట అయ్యేసరికి ఎన్నికైన ప్రెసిడెంటు తలెత్తి చేతులు జోడించాలి. పాట అయింది, ఆయన తలెత్తలేదు. వినయం ఎక్కువైందని ఎవరో మెచ్చుకున్నారు. అయ్యగారు సైగ చేస్తే పాట మళ్ళీ మొదటి నుంచి పాడారు. నేను మాత్రం పాడలేదు. గద్దె మీద కూర్చున్న మనిషిని ఆ ఎండాకాలం మధ్యాహ్నం చూసినట్టే ఉంది, అదే తల, అవే చేతులు, అదే తువ్వాలు. ఆ రోజు ఊడ్చడానికి పోయి నేను చూసింది దీన్నేనని నాకు అప్పుడు అర్థమైంది.

పాట మధ్యలోనే అత్త లేచింది. ఆడవాళ్ళ వైపు దాటి, మగవాళ్ళ మధ్య నుంచి నడిచింది. అట్లా నడిచిన ఆడమనిషిని మా చర్చిలో అంతవరకు ఎవరూ చూడలేదు. కోపంతో పోయింది, తిట్టడానికే పోయింది, ఆమె నడకలోనే తెలుస్తుంది. గడ్డం కింద చెయ్యి పెట్టి మొహం ఎత్తింది. పాట ఒక్కొక్క గొంతుగా ఆగిపోయింది. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. వెనక్కి తిరిగి ఆమె మామూలు గొంతుతోనే చెప్పింది.

"మీరు చేతులెత్తింది పీనుగకు."

ఇంట్లో చావు చూశాను, కరువులో చాలా చావులు చూశాను. కానీ ఆ తర్వాత జరిగినట్టు ఎక్కడా చూడలేదు. ఎవరూ కదలలేదు. పెద్దలు గద్దెకు బారెడు దూరంలో నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. పేరు చెప్పినప్పుడు ప్రాణముందా, చేతులెత్తినప్పుడు ఉందా అని ఒకాయన అడిగాడు. కాలు ఈడ్చిన చప్పుడు తానూ విన్నానని ఇంకొకాయన అన్నాడు. ఆమెన్ అన్నాం కాబట్టి ఎన్నిక అయినట్టే, ప్రెసిడెంటు ప్రెసిడెంటేనని మూడో ఆయన అన్నాడు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, కళ్ళలో నీళ్ళు పెట్టుకునే మాట్లాడుతున్నారు. అయినా ఒక్కరి చెయ్యీ ముందుకు రాలేదు. గద్దె మీది మనిషి తనంతట తానే లేవాలి, ఎవరూ తాకకూడదు. చచ్చిన మనిషికి ఆ మర్యాద వర్తించదని చెప్పేవాడు లేడు. మా ఆయన కూడా చాప పక్కన నిలబడి వాళ్ళ నోళ్ళ వైపే చూస్తున్నాడు.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. లేచి పోయాను. నేను కుడిచెయ్యి, అత్త ఎడమచెయ్యి పట్టుకున్నాం.

కుడిచెయ్యి అరచెయ్యి బండ మీద చదునుగా ఆని ఉంది, చేత్తో ఊతం పట్టి లేచేవాళ్ళు ఆనిస్తారే, అట్లా. తేలిగ్గానే వచ్చేసింది. అది చూసి నాకు దుఃఖం పొర్లుకొచ్చింది. లేవబోయాడు అత్తమ్మా, నీకిచ్చిన మాట కోసం లేవబోయాడు అని చెప్పబోయి అత్త వైపు చూశాను.

ఆమె ఎడమచేతితో ఇంకా పెనుగులాడుతోంది. ఆ చేతి వేళ్ళు బండ అంచు కిందికి వంగి, రాయిని పట్టుకుని ఉన్నాయి. ఒక వేలు విడదీస్తే ఇంకొకటి మూసుకుంటోంది. నేను సాయానికి వంగితే వద్దని తల ఊపింది. కొంచెంసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత ఆ చేతి మీద తన చెయ్యి వేసి, అలిగిన పిల్లవాడితో మాట్లాడినట్టు నెమ్మదిగా అంది.

"సాలప్పా. శానా సేపు కూర్చున్యావు. ఇంటికి పోదాం రా."

నేను పక్కనే ఉన్నాను, కళ్ళు తెరుచుకునే ఉన్నాను. ఆమె లాగలేదు. ఆ వేళ్ళు వాటంతట అవే విడిచిపెట్టాయి.